ఈకో వ్యాన్‌ని సర్ఫింగ్‌కి సిద్ధం చేస్తున్నా: బోర్డు లోపలా, టాపు మీదా? పడకెలా?

ఈకో_కెరటం | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో మారుతీ ఈకో తీసుకున్నా. అయిదు సీట్లది, పెట్రోలు, ఏసీ లేదు. ఉండేది ఎంవీపీ కాలనీ, ఆఫీసు రుషికొండ కొండ మీద. బోర్డు 7 అడుగుల 6 అంగుళాల సాఫ్ట్ టాప్, పైన మెత్తటి ఫోము ఉండే రకం. పెద్ద సర్ఫర్‌ని కాదు. పచ్చ కెరటం, అంటే ఇంకా విరగని కెరటం పట్టుకుని పక్కకి తిరగడం ఈమధ్యే కుదురుతోంది.

ఇన్నాళ్లూ స్కూటీ మీద వెళ్లి బోర్డు అద్దెకి తీసుకునేవాణ్ణి. అద్దె బోర్డు చేతికొచ్చేసరికి ఏడున్నర అయ్యేది, ఎనిమిదిన్నరకి గాలి మళ్లి నీళ్లన్నీ కలగాపులగం. అందుకే ఈ వ్యాను.

కావలసినవి: శుక్ర, శనివారాలు రాత్రి లోపలే పడుకోవాలి. చిన్న ఫ్యాను. ఒంటి మీద ఉప్పు పోయేంత నీళ్లు. ఎప్పుడైనా శుక్రవారం వ్యాన్లోంచే ఆఫీసు పని చేసుకునేలా లాప్‌టాప్‌కి కరెంటు. రీల్స్‌లో చూస్తే వంటగది, సింకు, పైన చెక్క సీలింగు, పూసల దండలు, ఏవేవో పెడుతున్నారు. అవన్నీ ఉండాలా? ఇక్కడ నిజంగా చేసుకున్నవాళ్లు చెప్పండి.

ఇంకోటి. భీమిలి దాటి కళింగపట్నం, బారువ, అక్కణ్ణించి గోపాల్‌పూర్ దాకా మెల్లగా చూసుకుంటూ వెళ్లాలని ఉంది. ఎవరైనా వెళ్లారా?

---

ఉప్పుగాలి | ఆదివారం, రాత్రి 10:15

ముందు ఒక ప్రశ్న తేల్చుకోండి. మీ ఇంటి నుంచి లాసన్స్ బే పది నిమిషాలు, రుషికొండ పావుగంట. వారం మధ్యలో వ్యాన్లో పడుకునే పనే లేదు. తెల్లారి అయిదింటికి లేచి, బోర్డు అప్పటికే లోపల ఉంది కాబట్టి తాళం తిప్పి వెళ్లిపోవడం, రెండు గంటలు నీళ్లలో ఉండి ఒళ్లు కడుక్కుని బట్టలు మార్చుకుని తొమ్మిదికల్లా ఆఫీసులో కూర్చోవడం, వ్యాను చేయాల్సిన అసలు పని ఇదే. రాత్రి నిద్ర నెలకి ఒకటి రెండుసార్లు. ఏడాదంతా పనికొచ్చేది బట్టలు మార్చుకునే చోటు, తడి బట్టలు వేసే టబ్బు, బోర్డు పెట్టే పట్టీలు.

నా వ్యాన్లో మొదట చేసింది డిక్కీ డోరు పైకెత్తాక దాని చుట్టూ వేలాడే తెర. మందపాటి ముదురు రంగు గుడ్డ, కింద అంచులో సన్న గొలుసు కుట్టించా, గాలికి ఎగరకుండా. మా వీధి టైలరు ఎందుకమ్మా అని మూడుసార్లు అడిగాడు. రెండు టర్కీ టవళ్లు కలిపి తల దూరేంత కంత పెట్టి తొడుగు కూడా ఆయనే కుట్టాడు. ఆడవాళ్లకి ఈ రెండూ లేకపోతే బీచి రోడ్డు మీద సర్ఫింగ్ నరకం. మగవాళ్లు లుంగీతో లాగించేస్తారు, మీ అదృష్టం.

వంటగది వద్దు. తెన్నేటి పార్కు నుంచి భీమిలి దాకా ఇడ్లీ బండి లేని మలుపు ఎక్కడుంది?

---

ప్లైవుడ్ మాస్టారు | ఆదివారం, రాత్రి 11:02

అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. చెక్కపని సంగతి నేను చెప్తాను, ఇంటీరియర్స్ నా వృత్తి.

షాపువాడు "వాటర్‌ప్రూఫ్ సార్" అని ఎమ్మార్ గ్రేడు అంటగడతాడు. అది గాలిలో తేమ వరకే, తడి బోర్డు రోజూ ఆనించే చోట అంచులు పొరలు పొరలుగా లేస్తాయి. షీటు మీద ముద్ర చూసి కొనండి. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ ప్లై, ఐఎస్ 303 అని ఉంటే మామూలు రకం. మెరైన్ ప్లై కొన్నా కోసిన అంచుల్ని వదిలెయ్యకూడదు, నీళ్లు తాగేది అక్కడే. రెండు పూతలు ఎపాక్సీ గానీ పీయూ (పాలీయురెథేన్) గానీ వేయించండి.

మందం 12 మిల్లీమీటర్లు చాలు, కింద అడ్డపట్టీలు వేసుకుంటే. 18 మిల్లీమీటర్ల ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 35 కిలోల పైన తూగుతుంది. మీది 1200 సీసీ బండి, సింహాచలం ఘాట్ ఎక్కితే తెలుస్తుంది ప్రతి కిలో. స్క్రూలు 304 స్టీలు తీసుకోండి, ఇంకాస్త పెట్టగలిగితే 316. జింకు పూత స్క్రూలైతే మొదటి వానాకాలానికే ఎర్రగా కారతాయి.

బోల్టులతో బాడీకి బిగించకండి. పడకగా వాడే పెట్టె మొత్తం ఇద్దరు మనుషులు ఎత్తి బయట పెట్టేలా ఉండాలి. ఎందుకో రాంబాబు గారొచ్చి చెప్తారు ఎలాగూ.

---

రూల్స్ రాంబాబు | సోమవారం, ఉదయం 6:20

వచ్చేశాను.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి టాపు కోసి పైకి లేపడం, వెనక సీటు పీకేసి దాని చోట మంచం వెల్డింగ్ చేయించడం, ఇవన్నీ తలనొప్పులే. సీట్ల సంఖ్య ఆర్‌సీలో రాసి ఉంటుంది. లోపల పెట్టుకుని తీసేసే పెట్టె సామాను కిందికొస్తుంది, బండిలో మార్పు కిందికి రాదు. తేడా అక్కడే ఉంది.

ఇన్సూరెన్సు సంగతి ఇంకా ముఖ్యం. నాకు తెలిసిన ఒకాయన ఒరిజినల్ వైరింగ్‌ని కోసి లైట్లు, ఇన్వర్టరు కలిపించాడు. తర్వాత వైరు కాలి లోపలంతా పాడైతే క్లెయిము రాలేదు. బండి వైర్ల జోలికి వెళ్లకుండా వేరే బ్యాటరీ పెట్టుకోండి.

అద్దాలకి నల్ల ఫిల్ములు వేయకండి, 2012లో సుప్రీంకోర్టు వాటిని కాదన్నప్పటి నుంచీ ఆపి మరీ పీకిస్తున్నారు. బండి ఆపాక తెరలు కట్టుకోండి, కదిలే ముందు తీసేయండి.

---

జాలారిపేట చిన్నోడు | సోమవారం, ఉదయం 9:48

ఏటి గురూ, అందరూ బండి గురించే మాటాడతన్నారు, సముద్రం గురించి ఒక్కరూ సెప్పరేటి?

మాది పెదజాలారిపేట. మా నాన్న తెప్ప మీదెల్లేవోడు. మేం సిన్నప్పుడు ఇరిగిపోయిన తెప్ప చెక్క ముక్క పొట్టకింద పెట్టుకునే కెరటం ఎక్కేవోళ్లం, దాన్ని సర్ఫింగ్ అంటారని తర్వాత తెల్సింది. బోర్డు మొదటిసారి ఎక్కినప్పుడు సిత్రమనిపించలేదు. నించోడం ఒక్కటే కొత్త.

మా నాన్న తెప్ప దించే ముందు ఒడ్డున నించోని బీడీ సగం కాల్చేవోడు. ఎందుకో తెల్సా? పెద్ద కెరటాలు గుంపుగా ఒస్తాయి, మూడో నాలుగో. అయి పోయాక కాసేపు సద్దుకుంటాది. ఆ సందులో తెప్ప తోసీవోరు. మీరు బోర్డు తీసుకుని తిన్నగా దూకీసి, పెద్దయి నెత్తిమీద పడితే అలసిపోయి పైకొచ్చేస్తారు. పది నిమిషాలు నించోని సూడు ముందు. కెరటం ఎక్కడ ఇరుగుతోందో, ఎక్కడ ఇరగట్లేదో. ఇరగని చోటు నీళ్లు బురదరంగులో సముద్రం లోపలికి పోతంటాయి, అది లాగుడు. ఈత రానోడు అక్కడ నీళ్లు నెమ్మదిగా ఉన్నాయనీసి దిగుతాడు, ఆర్కే బీచిలో పోయినోళ్లలో శానామంది అలాగే పోతారు. నీలాంటోడు బోర్డు మీద అదే లాగుడు పట్టుకుని బయటికెల్తాడు. ఒకేల బోర్డు తప్పిపోయి నిన్ను లాగిందనుకో, ఒడ్డుకి ఎదురీదకు. ఒడ్డు ఎంబడి పక్కకి ఈదు, దాని వెడల్పు దాటీసాక అప్పుడు రా.

ఇంకోటి సెప్తాను. అలివి వల, అంటే ఒడ్డు మీంచి లాగే పెద్ద వల, లాగే సోట బండి పెట్టకు. తాడు అడ్డం ఒస్తాది, ఇరవై మంది లాగుతుంటారు, నీ బండి ఎవడు తీస్తాడు? వల నీళ్లలో ఉన్నప్పుడు ఆ పక్కకి బోర్డేసుకుని రాకు, నీ కాలి తాడు వలకి సుట్టుకుంటే నీకూ పెమాదం, ఆలకీ నష్టం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట బంద్. అప్పుడైతే ఒడ్డున మావోళ్లు ఖాళీగా ఉంటారు, టీ తాగుతూ అడుగు, నీళ్లకింద ఏ ఇసక దిబ్బ ఎటు జరిగిందో అన్నీ సెప్తారు.

---

ఈకో_కెరటం | సోమవారం, మధ్యాహ్నం 1:30

చిన్నోడన్నా, దండం. ఈ పోస్టు ప్రింటు తీసి వ్యాన్లో అంటిస్తా.

దిబ్బలు జరగడం అన్నారు కదా, కిందటేడు లాసన్స్ బే దగ్గర బాగా విరిగిన కెరటం ఈసారి ఒకేసారి గోడలా కూలిపోతోంది, పక్కకి వెళ్లే వీలే లేదు. అది ఇసక వల్లేనా?

---

డాల్ఫిన్ నోస్ తాతయ్య | సోమవారం, సాయంత్రం 4:15

నాయనా, ఉద్యోగమంతా పోర్టులోనే గడిచింది కాబట్టి రెండు ముక్కలు.

మన తూర్పు తీరంలో ఇసక కూడా ప్రయాణం చేస్తుంది. నైరుతి గాలుల కాలంలో కెరటాలు ఏటవాలుగా తగిలి ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. మధ్యలో మనం హార్బరు కట్టాం, 1933లో తెరిచారు. ఆ రోజుల్లో డాల్ఫిన్ నోస్ దగ్గర అడ్డుకట్ట కోసం రెండు పాత ఓడల్ని కావాలనే ముంచారు. దారికి అడ్డం పడింది కాబట్టి ఇసక దక్షిణం వైపే ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచి కోసుకుపోతుంది. అందుకని హార్బరు దగ్గర తవ్వి తీసిన ఇసకని పైపుల్లో తెచ్చి ఆర్కే బీచిలో పోస్తుంటారు. పోసిన ఇసక కూడా ఊరుకోదు, మెల్లగా ఉత్తరానికి నడుస్తుంది.

కెరటం విరిగేది అడుగున ఇసక దిబ్బ ఎలా ఉందో దాన్ని బట్టి. దిబ్బ ఒడ్డుకి సమాంతరంగా ఒకే ఎత్తున ఉంటే కెరటం మొత్తం ఒకేసారి కూలుతుంది. ఏటవాలుగా ఉంటే ఒక పక్క నుంచి విప్పుకుంటూ వస్తుంది, మీకు కావలసింది అదే అనుకుంటాను. ఒక తుఫాను వస్తే చాలు అంతా తారుమారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక తెల్లారి బీచి చూసినవాణ్ణి. రోడ్డు ఎక్కడో పోల్చుకోలేకపోయాం, ఇక దిబ్బల సంగతేం చెప్పను.

---

నిజాంపేట నావికుడు | సోమవారం, రాత్రి 8:05

హైదరాబాద్ నుంచి. నవ్వకండి, మాకు సముద్రం లేదు గానీ సముద్రం గురించి చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ మా ప్రగతి నగర్ పక్కనే ఉంది. దేశం తీరమంతటికీ కెరటాల అంచనా అక్కణ్ణించే వస్తుంది. విశాఖకి బయల్దేరడానికి అరవై గంటల ముందే ప్లాన్ చేసుకునే నాలాంటివాడికి అదే పంచాంగం.

కొత్తవాళ్లు అంచనాలో ఎత్తు ఒక్కటే చూస్తారు. 1.2 మీటర్లు అనగానే సంబరపడి వెళ్తారు, పక్కన పీరియడ్, అంటే కెరటానికీ కెరటానికీ మధ్య వ్యవధి, 7 సెకన్లని ఉంటే పట్టించుకోరు. అది దగ్గర్లో గాలి రేపిన చిల్లర కెరటం. అదే 0.9 మీటర్లు, 15 సెకన్లు అని ఉంటే నేను లీవు పెడతా. కెరటంలో ఉండే శక్తి ఎత్తు వర్గాన్ని పీరియడ్‌తో గుణిస్తే వచ్చేదాని మీద ఆధారపడుతుంది. లెక్క వేసుకోండి, మొదటిది పది చిల్లర, రెండోది పన్నెండు దాటుతుంది. చూడ్డానికి చిన్నది, మోసేది ఎక్కువ.

ఈ పెద్ద పీరియడ్ కెరటాలు పుట్టేది మన దగ్గర కాదు. భూమధ్యరేఖకి అవతల, దక్షిణ మహాసముద్రంలో, తుఫాన్లు లేచే చోట. 16 సెకన్ల కెరటాల గుంపు లోతు నీళ్లలో గంటకి 45 కిలోమీటర్ల దాకా నడుస్తుంది, అంటే రోజుకి వెయ్యి పైచిలుకు. అక్కడ తుఫాను రేగాక మన ఒడ్డుకి రావడానికి ఆరేడు రోజులు. కాబట్టి వారం ముందే కొంత తెలుస్తుంది. వారం ముందు తెలియనిది గాలి. గాలి సంగతి ముందు రోజు రాత్రి చూడాలి. ఒడ్డు మీంచి సముద్రంలోకి వీచే గాలి ఉన్నంతసేపే కెరటం నిటారుగా, నున్నగా నిలబడుతుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే సముద్రం మీంచి గాలి మొదలు. ఉప్పుగాలి గారు చెప్పిన అయిదు గంటల లెక్క అందుకే.

ఆ కెరటాలు ఒకోసారి ముంచుకొచ్చి ఒడ్డు మీద ఇళ్లలోకి నీళ్లొస్తాయి, కేరళలో కల్లక్కడల్ అంటారు. ఇన్‌కాయిస్ హెచ్చరిక పెట్టిందంటే వ్యాన్ ఇసక దగ్గర వద్దు, మీరు నీళ్లలో వద్దు.

---

ఉప్పుగాలి | సోమవారం, రాత్రి 8:31

అంచనాలో ఎత్తు నడి సముద్రానిదని కూడా చెప్పండి నావికుడు గారూ. రుషికొండలో అది సగమో, ఒకటిన్నర రెట్లో. ఫోన్లో చూసి ఇంట్లోనే ఆగిపోయేవాళ్లు ఎన్ని మంచి పొద్దులు పోగొట్టుకుంటారో!

---

పన్నెండు వోల్టులు | మంగళవారం, ఉదయం 7:10

కరెంటు నాకు వదిలేయండి.

మీ అవసరం రాత్రికి ఎంతో చూద్దాం. 12 వోల్టుల ఫ్యాను 25 వాట్లు, ఎనిమిది గంటలు అంటే 200 వాట్ అవర్లు. లాప్‌టాప్ 60 వాట్లు, నాలుగు గంటలు, 240. లైటు, ఫోను కలిపి ఇంకో 30. మొత్తం 470. 12.8 వోల్టుల 50 ఆంపియర్ అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 640 ఇస్తుంది. చాలు. పాత రకం లెడ్ యాసిడ్ అయితే సగం కంటే ఎక్కువ వాడితే త్వరగా చస్తుంది, కాబట్టి రెట్టింపు కొనాలి, బరువూ బాగా ఎక్కువ. లాప్‌టాప్‌కి ఇన్వర్టరు పెట్టకండి. 12ని 220కి పెంచి, మళ్లీ అడాప్టరులో 20కి దించడం దండగ. టైప్ సీ లాప్‌టాప్ అయితే కార్ చార్జరే 65 వాట్లది దొరుకుతుంది.

సోలార్ మీకు అక్కర్లేదు, వారానికి ఒకటి రెండు రాత్రులే కదా. ఇంటి దగ్గర ప్లగ్గుకి పెట్టి నింపుకోండి. గోపాల్‌పూర్ ట్రిప్పుకి మాత్రం డీసీ టు డీసీ చార్జరు పెట్టుకుంటే బండి నడుస్తుండగానే నిండుతుంది. 20 ఆంప్స్‌ది చాలు, రెండు గంటల ప్రయాణానికి బ్యాటరీ మూడొంతులు పైన ఎక్కుతుంది. అంతకన్నా పెద్దది పెడితే ఈకో ఆల్టర్నేటర్ ఏడుస్తుంది. దీనికి బండి బ్యాటరీ నుంచి ఒక వైరు కావాలి, టెర్మినల్ మీంచే తీయండి, మధ్యలో ఏ వైరూ కోయొద్దు. సర్వీస్ సెంటర్లో చెప్పే చేయించండి, రాంబాబు గారికి బీపీ రాకుండా.

రెండు జాగ్రత్తలు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. బ్యాటరీ ముందు సీటు దగ్గర పెట్టొద్దు, ఈకోలో ఇంజిన్ ఆ సీట్ల కిందే ఉంటుంది, వేడికి లిథియం పాడవుతుంది.

---

శాంటాక్రూజ్ తెలుగోడు | మంగళవారం, ఉదయం 11:44

కాలిఫోర్నియా నుంచి హలో. మాది తెనాలి, ఇప్పుడు బే ఏరియాలో ఉద్యోగం. శనివారాలు హైవే 17 మీద కొండ దాటి శాంటాక్రూజ్. నా వాహనం పాత టయోటా సియన్నా మినీ వ్యాన్. మధ్య సీట్లు తీసేసి వెనకవి నేలలోకి మడిచేస్తే ఎనిమిది బై నాలుగు ప్లై షీటు పరుపులా పడుతుంది. కోయక్కర్లేదు, మేకు కొట్టక్కర్లేదు. పిల్లల స్కూలు సోమవారం మళ్లీ సీట్లు బిగించాలి కదా, మా ఆవిడ షరతు అది.

ఇక్కడ నీళ్లు చల్లన, చలికాలం 11, 12 డిగ్రీలు. నాలుగు మిల్లీమీటర్ల రబ్బరు సూటు లేకుండా దిగలేం. ఆ తడి సూటు వాసన వ్యాన్లోంచి పోదు, మీరు బనియన్‌తో దిగుతున్నందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టండి. 1885లో ముగ్గురు హవాయి రాకుమారులు ఇక్కడే శాన్ లోరెంజో నది సముద్రంలో కలిసే చోట రెడ్‌వుడ్ చెక్కలు కోయించుకుని కెరటాలెక్కారు, అమెరికా ప్రధాన భూభాగంలో సర్ఫింగ్ చరిత్ర అక్కణ్ణించే మొదలు. నది ముఖం దగ్గర దిబ్బలు కెరటాన్ని చక్కగా మలుస్తాయి. అందుకే మీ కళింగపట్నం ఆలోచన నాకు నచ్చింది, వంశధార అక్కడే కలుస్తుంది కదా. వరద నీళ్లప్పుడు మాత్రం వద్దు. దుంగలు కొట్టుకొస్తాయి, లాగుడు పిచ్చిగా ఉంటుంది.

రాత్రి వ్యాన్లో పడుకోవడం ఇక్కడ రోడ్ల మీద చాలాచోట్ల నిషేధం. ఫొటోల్లో కనిపించే సముద్రం ఎదుట సూర్యోదయం చాలామందికి డబ్బు కట్టిన క్యాంప్ గ్రౌండే. ఇక్కడి ఖరీదైన వ్యాన్లు చూస్తే కళ్లు చెదురుతాయి, లోపల టైల్సు వేసిన స్నానాల గదులు! వాటి ఓనర్లలో పొద్దున ఆరింటికి నీళ్లలో కనిపించేది తక్కువ. పెళ్లివారి విడిదిల్లు సర్దినట్టు సర్దుకోవడానికే సరిపోతుంది వాళ్లకి.

---

ఈకో_కెరటం | మంగళవారం, సాయంత్రం 6:20

ఇంత సమాచారం రెండు రోజుల్లో! సరే, వంటగది, సీలింగు, సోలార్ కొట్టేశా.

టేపు పెట్టి కొలిచా. బోర్డు ముందు సీట్ల మధ్యగా, ముక్కు డ్యాష్‌బోర్డుకి దగ్గరగా ఏటవాలుగా పెడితే పడుతోంది, డిక్కీ డోరు మూసుకుంటోంది. కానీ అలా పెడితే పక్క సీట్లో మనిషి కూర్చోలేడు, నాకు గేరు మార్చేటప్పుడు మోచేయి తగులుతోంది. టాపు మీద పెట్టాలా? ఇంకా నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

---

ఉప్పుగాలి | మంగళవారం, రాత్రి 7:05

ఊళ్లో తిరిగేటప్పుడు లోపల, ఎడమ పక్కన పైకి వేలాడదీయండి. రెండు వెడల్పాటి నైలాన్ పట్టీలు, పైన చేతిపట్టు దగ్గర హుక్కులకి. గోపాల్‌పూర్ లాంటి దూరాలకి టాపు మీద, కింద మెత్తటి ప్యాడ్లు వేసి, ఫిన్ (బోర్డు కింది రెక్క) ముందు వైపు, పైకి ఉండేలా. కట్టే పట్టీని ఒక్క మెలిక తిప్పండి, తిప్పకపోతే ఎనభై దాటగానే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. తాళ్లు అతిగా బిగించకండి, సాఫ్ట్ టాప్ అంచులు నొక్కుకుపోతాయి.

మధ్యాహ్నం మూసిన వ్యాన్లో బోర్డు వదిలేసి ఆఫీసుకి వెళ్లొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. ఏప్రిల్ ఎండలో బోర్డు మీద జారకుండా పూసే వాక్సు కరిగి సీటు మీదికి కారడం చిన్న సమస్య. లోపలి ఫోము గాలి ఉబ్బి పైపొర విడిపోతుంది, అరచేయంత బుడగ లేస్తుంది, దానికి మందు లేదు. మీ ఆఫీసు సెల్లార్ పార్కింగ్ ఉంటే సరే. లేకపోతే వెండి రంగు కవరు, అద్దాలకి రేకు షీట్లు, కిటికీ వేలెడు తెరిచి ఉంచడం.

ఏదో ఒక రోజు బోర్డుకి దెబ్బ తగులుతుంది, రెసిన్ పూస్తారు. పాలిస్టర్ రెసిన్ ఈపీఎస్ (థర్మాకోల్ రకం) ఫోమును తినేస్తుంది. షాపులో ఏది చౌకో చూసి కొనకుండా బోర్డు ఏ ఫోముదో ముందు అడగండి. ఈపీఎస్ అయితే ఎపాక్సీయే.

---

ప్లైవుడ్ మాస్టారు | మంగళవారం, రాత్రి 9:20

నీళ్లకి నాలుగంగుళాల పీవీసీ పైపు, రెండు మీటర్లు. రెండు చివర్లా మూతలు, ఒక మూతకి ట్యాపు, రెండో చివర పైన నీళ్లు పోసే గొట్టం. నల్ల రంగు వేసి టాపు మీద క్యారియర్‌కి కట్టేయండి. పదహారు లీటర్లు పడతాయి. పొద్దున బోర్డు, ఒళ్లు రెండూ కడగొచ్చు. మధ్యాహ్నం మాత్రం ట్యాపు కింద చేయి పెట్టకండి, టీ పెట్టుకోవచ్చు ఆ నీళ్లతో.

ఇసక గురించి. ఈకో జారుడు తలుపు కింద పట్టాలో ఇసక చేరి, ఉప్పు చేరి, ఒకరోజు తలుపు సగంలో ఆగిపోతుంది. గ్రీజు పూస్తే ఇసక దానికే అంటుకుని ఇంకా గట్టిపడుతుంది. పొడి బ్రష్షుతో దులిపి, మంచినీళ్లు పోసి, ఆరాక సిలికాన్ స్ప్రే. ప్రతి వారం. కింద మ్యాటు తీసి చూస్తుండండి, తుప్పు మొదలయ్యేది తడి మ్యాటు కింద నేల మీదే. అండర్‌బాడీ కోటింగ్ వానాకాలానికి ముందు చేయించండి.

---

జాలారిపేట చిన్నోడు | బుధవారం, ఉదయం 10:02

మాస్టారూ, పైపులో నీళ్లతో టీ పెట్టుకోమంటారేటండి! 😀

బారువ దాకా నేనెల్లాను, మా అక్క అత్తోరిల్లు అటే. రాత్రి ఊరికి దూరంగా ఒంటరి ఇసకలో పడుకోకు. ఊరి పెద్దకి ఒక మాట సెప్పి, గుడి దగ్గరో, బోట్లు లాగీసిన సోటో పెట్టుకో. ఎవరూ ఏటీ అనరు, పైగా పొద్దున్నే చేపల కూర కూడా పెడతారు. పోలీసోళ్లు ఒచ్చినా ఊరోడు పక్కనుంటే మాట తేలిక. కానీ బండి ఇసకలోకి దించకు, ఈకోకి వెనక సక్రాలే తిరుగుతాయి, దిగబడితే ట్రాక్టరే.

---

ఉప్పుగాలి | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఇసకలోకి దించకూడదనడానికి ఇంకో కారణం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరమంతా గుడ్లు పెడతాయి. వైజాగ్‌లో కూడా అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి పిల్లల్ని వదులుతారు. గోపాల్‌పూర్ దాటాక ఋషికుల్య నది దగ్గర లక్షల్లో వస్తాయి. ఆ నెలల్లో రాత్రి సముద్రం వైపు లైట్లు వేసి ఉంచకండి, పిల్లలు వెలుగు వైపు నడిచి రోడ్డు మీదికి వస్తాయి. మీ వ్యాన్లో ఎర్ర లైటు ఒకటి పెట్టుకోండి.

---

రూల్స్ రాంబాబు | బుధవారం, మధ్యాహ్నం 12:58

పైపు, బోర్డు, క్యారియర్ అన్నీ టాపు మీద కడుతున్నారు. బండి వెడల్పు దాటి పక్కకి ఏదీ పొడుచుకు రాకూడదు. ఇచ్చాపురం దాటితే ఒడిశా, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు చూసుకోండి.

---

నిజాంపేట నావికుడు | బుధవారం, రాత్రి 9:15

నేనూ వస్తా గోపాల్‌పూర్‌కి. వైజాగ్ నుంచి 260 కిలోమీటర్లు, 16వ నంబరు హైవే, తిన్నగా అయితే అయిదారు గంటలు. అక్కణ్ణించి ఇంకో పూట పెట్టుకుంటే పూరీ, కోణార్క్ దగ్గర రామచండి. కుశభద్ర నది సముద్రంలో కలిసే చోటు, సర్ఫింగ్ పండగలు జరిగిన బీచి. నా దగ్గర తొమ్మిదడుగుల లాంగ్ బోర్డు ఉంది, మీ టాపు మీద చోటుందా? పెట్రోలు సగం నాది.

---

ఈకో_కెరటం | గురువారం, ఉదయం 8:10

చోటుంది నావికుడు గారూ, పైపుని కుడి పక్కకి జరుపుతా.

ఈ పొద్దున లాసన్స్ బేలో చిన్నోడన్న చెప్పినట్టు ఒడ్డున నిలబడి చూశా. రాళ్ల వైపు నీళ్లు లోపలికి పోతున్న చోటు కనిపించింది. దాని పక్క నుంచి వెళ్తే తల తడవకుండా బయటికి చేరా. పట్టుకున్న కెరటాలు రెండే గానీ రెండూ పచ్చవే.

పనుల జాబితా: 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై ఒక షీటు, డిక్కీ తెర, తడి టబ్బు, పీవీసీ పైపు, 50 ఆంపియర్ అవర్ బ్యాటరీ. ఉప్పుగాలి గారూ, తెర కుట్టిన టైలరు నంబరు మెసేజ్‌లో పంపుతారా?

---

అడ్మిన్ | గురువారం, ఉదయం 8:25

నంబర్లు మెసేజ్‌లోనే, ఇక్కడ పెట్టకండి. గోపాల్‌పూర్ ట్రిప్పుకి వేరే చర్చ తెరిచాను, తేదీలు అక్కడ తేల్చుకోండి.

---

ఉప్పుగాలి | గురువారం, ఉదయం 8:50

పంపాను. గొలుసు మీరే కొనిపట్టుకెళ్లండి, ఆయన దగ్గర ఉండదు. ఎందుకు బాబూ అని మిమ్మల్ని కూడా మూడుసార్లు అడుగుతాడు.